వేషం తొలగినప్పుడు: ‘కన్యాశుల్కం’లో రూపం, గుర్తింపు

వ్యాససంగ్రహం

మారువేషం నాటకంలో సాధారణంగా కథను మలుపుతిప్పే యుక్తిగా కనిపిస్తుంది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’లో మారువేషం అంతకు మించిన పని చేస్తుంది. వేషం ధరించిన వ్యక్తిని కాక, ఆ వేషాన్ని చూసే సమాజాన్ని అది పరీక్షకు నిలబెడుతుంది. పగటివేషాల సంప్రదాయంతోను, విరాటపర్వంలోని అజ్ఞాతవాసంతోను పోల్చి ఈ విషయాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆహార్యం, మారువేషం, పగటివేషాలు, విరాటపర్వం, కన్యాశుల్కం, మధురవాణి, గుర్తింపు.

1. ఉపోద్ఘాతం

నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించింది. వీటిలో ఆహార్యం పేరులోనే ఉన్నట్లు బయటినుంచి తెచ్చుకొనేది. సాత్త్వికం లోపలినుంచి కలిగేది. రంగస్థలం మీద ఈ రెండూ ఒకదానికొకటి తోడ్పడాలి. నిత్యజీవితంలో అవి విడిపోయినప్పుడు లోకం దానిని మోసమంటుంది.

ఈ భేదం తెలుగు నుడికారంలోనూ ఉంది. ‘వేషం కట్టాడు’ అంటే కళాకారుడి పని. ‘వేషాలు వేస్తున్నాడు’ అంటే నింద. ఏకవచనంలో విద్యగా ఉన్న మాట బహువచనంలో కపటంగా మారింది. ఈ రెండు అర్థాల మధ్య గీత ఎక్కడుందన్నది ‘కన్యాశుల్కం’ లేవనెత్తే ప్రధానమైన ప్రశ్నల్లో ఒకటి.

2. పగటివేషం: దాపరికం లేని రూపం

పగటివేషగాడికి తెర లేదు, రాత్రి చీకటి లేదు. పట్టపగలు వీధిలో, ఇళ్ల ముంగిట అతడి ప్రదర్శన సాగుతుంది. అర్ధనారీశ్వర వేషంలో ఒకే దేహం సగం శివుడిగా, సగం పార్వతిగా కనిపిస్తుంది. చూసేవారికి అది వేషమని తెలుసు, తెలిసే ఆనందిస్తారు. చివరిరోజున కళాకారుడు సంభావన అడుగుతాడు. ఇక్కడ వేషం ఒక బహిరంగమైన ఒప్పందం. చూసేవారి అంగీకారం ఉన్నంతవరకు రూపం మారడం మోసం కాదు.

3. విరాటపర్వం: తొలగితే గౌరవం పెరిగే వేషం

తిక్కన భారతరచనను విరాటపర్వంతో ప్రారంభించాడు. అందులో ధర్మరాజు కంకుడిగా, భీముడు వలలుడిగా, అర్జునుడు బృహన్నలగా, ద్రౌపది సైరంధ్రిగా విరాటుని కొలువులో చేరతారు. కీచకుడి దృష్టిలో సైరంధ్రి ఒక పరిచారిక మాత్రమే. కొడుకు గెలుపును పొగుడుతున్న విరాటుడు, ఆ గెలుపు బృహన్నలదని కంకుడు అన్నందుకు అతణ్ణి పాచికతో కొడతాడు. ఆ కంకుడే ధర్మరాజని తెలిశాక వినయంతో తలవంచి, తన కుమార్తెను అర్జునుడికి ఇవ్వజూపుతాడు.

దెబ్బ తిన్నదీ, గౌరవం పొందిందీ ఒకే మనిషి. మారినది రాజు చూపు. అయితే ఈ కథాసంప్రదాయంలో వేషం కింద ఎప్పుడూ ఉన్నత వంశమే ఉంటుంది. అందువల్ల వేషం తొలగడం శుభాంతానికి దారితీస్తుంది. నిజంగానే పరిచారికగా బతికే స్త్రీకి కీచకుడి కొలువులో దిక్కెవరన్న ప్రశ్న కథకు వెలుపలే మిగిలిపోతుంది.

4. ‘కన్యాశుల్కం’: తలకిందులైన సంప్రదాయం

4.1. మారువేషం అక్కరలేని కపటం

‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైంది. 1897లో మొదటి కూర్పు, 1909లో విస్తృతమైన రెండవ కూర్పు వెలువడ్డాయి. మూడేళ్ల కాలంలో శుల్కం తీసుకొని జరిపిన 1034 వివాహాలు నమోదైన ఒక పట్టికను గురజాడ తొలి కూర్పు పీఠికలో ప్రస్తావించాడు. సొమ్ము పుచ్చుకున్నట్లు ఒప్పుకోవడానికి సంబంధితులు ఇష్టపడరు కనుక ఆ పట్టిక అసంపూర్ణమని కూడా సూచించాడు. అంటే నాటకంలోని మొదటి వేషధారి వ్యక్తి కాదు, ఒక ఆచారం. అమ్మకం పెళ్లి వేషం కట్టుకుంది.

ఆ ఆచారాన్ని నడిపే వారెవరూ రూపం మార్చుకోరు. అగ్నిహోత్రావధాన్లు తన సొంత ముఖంతోనే పసిపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు ఇవ్వడానికి బేరం కుదుర్చుకుంటాడు. గిరీశం తన పేరుతోనే సంస్కర్తగా చలామణీ అవుతాడు. అతడికి ఇంగ్లీషు మాటలు, వితంతూద్ధరణ ఉపన్యాసాలే ఆహార్యం. లోకం అంగీకరించిన దుస్తుల్లో తిరిగే కపటానికి మారువేషంతో పని లేదు.

4.2. శిష్యుడి స్త్రీవేషం

సుబ్బి పెళ్లి మాట విని ఆమె తల్లి వెంకమ్మ నూతిలో దూకుతుంది. మేనమామ కరటకశాస్త్రి ఆ సంబంధం తప్పించడానికి తన శిష్యుడికి ఆడవేషం వేసి, తాను గుంటూరు శాస్త్రులుగా మారి, ఆ ‘కన్య’ను లుబ్ధావధాన్లకు అంటగడతాడు. కరటకశాస్త్రి స్వయంగా నాటకాల్లో విదూషకుడు. రంగస్థల విద్య ఇక్కడ వీధిలోకి వచ్చి ఒక పసిపిల్లను కాపాడుతుంది.

ఈ ఉపాయంలో గురజాడ పదునైన వ్యంగ్యం ఉంది. కొనే సరుకుగా చూసిన వరుడు పెళ్లికూతురు ఆడపిల్ల అవునో కాదో కూడా గుర్తించలేకపోయాడు. అతడు చూసినది మనిషిని కాదు, చీరను, ధరను. అయితే నాటకం ఈ మంచి వేషానికీ పూర్తి నిర్దోషిత్వం ఇవ్వదు. ‘పెళ్లికూతురు’ మాయమయ్యాక లుబ్ధావధాన్లు హత్యానేరంలో చిక్కుకుంటాడు. సదుద్దేశంతో వేసిన వేషానికి కూడా ఎవరో ఒకరు మూల్యం చెల్లించవలసివచ్చింది.

4.3. మధురవాణి పురుషవేషం

ఆ చిక్కు విప్పే నిజం మధురవాణికి తెలుసు. దానిని వినవలసినవాడు వకీలు సౌజన్యారావు పంతులు. ఆయన ధర్మపరుడు, వేశ్యలను దగ్గరకు రానీయని నియమం గలవాడు. ఆ నియమం వల్ల మధురవాణి తన రూపంతో ఆయన గుమ్మం ఎక్కలేదు. అందుకే పురుషవేషంలో వెళుతుంది.

నాటకంలోని కీలకం ఇదే. మధురవాణి దాచినది తన రూపాన్ని, తెచ్చినది నిజాన్ని. అదే సమయంలో గిరీశం తన రూపంతో ఆ ఇంట ఆదరణ పొందుతూ నిజాన్ని దాస్తున్నాడు. వ్యక్తులను బయటి గుర్తును బట్టి వేరుచేసిన నియమం కపటిని లోపలికి పిలిచి, నిజాన్ని మారువేషంలో రమ్మంది.

విరాటుని కొలువులో వేషం తొలగితే గౌరవం పెరిగింది. ఇక్కడ వేషం తొలగితే గౌరవం పోయే ప్రమాదముంది. అంతవరకు తన మాటను మన్నించిన పెద్దమనిషి ఇప్పుడు ముఖం తిప్పుకోవచ్చునని తెలిసే మధురవాణి తానెవరో వెల్లడిస్తుంది. ప్రతిఫలంగా అడిగిన ముద్దును, సౌజన్యారావు ఇవ్వడానికి సిద్ధపడినప్పుడు, ఆమే వదులుకుంటుంది. ఆయన భగవద్గీత ఇస్తే, శ్రీకృష్ణుడు వేశ్యలను దూరం పెట్టేవాడేనా అన్న అర్థం వచ్చేలా ఆమె ప్రశ్నిస్తుంది. ఆ ప్రశ్న సంస్కర్త నియమాన్నే నిలదీస్తుంది. పరీక్ష ముగిసేసరికి ఆమె శీలంతో పాటు ఆయన చూపు కూడా తూకానికి వచ్చింది.

5. రంగస్థలంపై మరో పొర

స్త్రీపాత్రలకు ప్రసిద్ధుడైన స్థానం నరసింహారావు మధురవాణిగా కూడా నటించాడు. అటువంటి ప్రదర్శనలో చివరి ఘట్టం ప్రత్యేకంగా గమనింపదగినది. పురుషుడైన నటుడు స్త్రీగా మారి, ఆ స్త్రీ మళ్లీ పురుషవేషం ధరిస్తుంది. నటుడి దేహానికి అత్యంత దగ్గరగా ఉన్న రూపాన్నే ప్రేక్షకుడు మారువేషమని నమ్ముతాడు. మధురవాణి నిజస్వరూపం దేహంలో కాక, అంతవరకు ఆమె మాటలోను చేతలోను రూపొందిందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

6. నిత్యజీవితానికి అన్వయం

నగరంలో అద్దె ఇల్లు వెతికేవాడిని ఇంటిపేరు, తినే తిండి అడిగి కులం ఆరా తీయడం నేటికీ ఉంది. అటువంటి చోట కొందరు ఇంటిపేరు చెప్పరు, కొందరు యాస మార్చుకుంటారు. దానిని అబద్ధమని నిందించడం సులువు. మధురవాణి పురుషవేషం మరో ప్రశ్న ముందు అడగమంటుంది: నిజం చెబితే తలుపు మూసే ఇంట్లో, నిజం చెప్పనందుకు బాధ్యత ఎవరిది? గిరీశం వేషాన్నీ దీనినీ ఒకే మాటతో కొట్టివేయలేము. ఒకటి ఇతరులను వంచించి లాభపడడానికి, మరొకటి మూసిన తలుపు దాటడానికి.

7. ముగింపు

పగటివేషంలో చూసేవారి అంగీకారం వేషాన్ని కళగా నిలిపింది. విరాటపర్వంలో వేషం తొలగి దాగిన ఔన్నత్యం బయటపడింది. ‘కన్యాశుల్కం’లో వేషం తొలగి, చూసేవారి సంస్కారం ఎంతటిదో బయటపడింది. అందువల్ల వేషంలోని మంచిచెడులను రూపం మారిందా లేదా అన్నదానితో నిర్ణయించలేము. ఆ వేషం ఎవరిని కాపాడింది, ఎవరికి నష్టం తెచ్చింది, దానిని తప్పనిసరి చేసినదెవరు అన్న మూడు ప్రశ్నలతో కొలవాలి. మధురవాణి సౌజన్యారావు ఎదుట వేషం తొలగించి నిలిచింది. ఆమె మొదటే తన రూపంతో రాగలిగే గుమ్మం ఉండి ఉంటే, ఆ వేషానికి అవసరమే ఉండేది కాదు.