ఈశ్వరీబాయిని వార్డు కాడి నుంచి చదవాలె

జె. ఈశ్వరీబాయి మీద రాసేటోళ్లు అసెంబ్లీ కాడ మొదలుపెడ్తరు. 1967, 1972లో ఎల్లారెడ్డిలో గెలుపు, 1969 తెలంగాణ ఉద్యమం: ఇవి నిజమే. 1950ల మొదట్లో చిలకలగూడ కౌన్సిలర్‌గా ఆమె బతుకు మాత్రం ఒక్క వాక్యంలో అయిపోతది. గీతారెడ్డి తల్లి అనే పరిచయమైతే మరీ అన్యాయం.

చేవెళ్ల నుంచి చూస్తే ఇది చిన్న లోపం కాదు. మొయినాబాద్ కలిసిన ఈ నియోజకవర్గం 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు. 2023 ఆగస్టులో 18 శాతం రిజర్వేషన్ హామీ ఇచ్చిన డిక్లరేషన్ సభా చేవెళ్లలోనే. 2025లో రెండూ మున్సిపాలిటీలైనయి. 1996 నాటి 111 జీవో ఉండంగనే ఫాంహౌజులు లేచిన మొయినాబాద్‌ల, నల్లా, మోరీ, ఇంటిజాగ కోసం కొట్లాడే దళిత కౌన్సిలర్ ఎవరి అనుభవం చదవాలె? అసెంబ్లీ ఉపన్యాసాల కన్నా ముందు కార్పొరేషన్ పాత తీర్మానాల పుస్తకాలు వెతకాలని మేము అంటున్నం.