బరువూ ఊపిరీ

కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు చెబితే ఉత్తరాంధ్రలో ఎవరికైనా గుర్తొచ్చేవి గుండెల మీద ఏనుగు, ఛాతీ పొంగిస్తే తెగిపోయే ఇనుప గొలుసు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో సాము నేర్చి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, సొంత సర్కస్ పెట్టి, లండన్ దాకా వెళ్లొచ్చిన మల్లయోధుడాయన. ఆయన కండల గురించి చెప్పుకున్నంతగా ఊపిరి గురించి మనం చెప్పుకోలేదు. ప్రాణాయామం ఆయన సాధనలో భాగం. వాయుస్తంభన, జలస్తంభన ప్రదర్శనల్లోనూ ఉండేవి. ఆఖరి రోజుల్లో కాలు తీసేయాల్సి వస్తే మత్తుమందు వద్దన్నారని, ప్రాణాయామంతోనే ఓర్చుకున్నారని చెబుతారు. 1942లో కన్నుమూశారు. కసరత్తుకు జిమ్ము, ధ్యానానికి ఆశ్రమం అని విడదీసి బోర్డులు కట్టుకున్నది ఆ తర్వాతి మనమే.

గొలుసు తెగడం వెనకున్న సంగతి బరువులెత్తేవాళ్లందరికీ అనుభవమే. నిండుగా గాలి పీల్చి బిగబడితే డయాఫ్రం కిందికి దిగుతుంది, పొట్ట కండరాలు చుట్టూ బిగుసుకుంటాయి, నడుము గట్టిపడుతుంది. వెన్ను మీద పడే భారాన్ని ఆ గాలి కొంత పంచుకుంటుంది. రక్తపోటూ ఆ క్షణంలో అమాంతం పెరుగుతుంది. అందుకే బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు బిగబట్టకుండా గాలి వదులుతూ ఎత్తాలి, అదీ డాక్టరును అడిగాకే.

అరకులో చలికాలం పొద్దున ఇనుప బార్ పట్టుకుంటే అరచేతులు జివ్వుమంటాయి. బరువు తేలికదైతే ఆ చలిలోనే మనసు ఇల్లు, ఆఫీసు, కరెంటు బిల్లు అన్నీ చుట్టి వస్తుంది. చేతుల పని చేతులది. మోయగలనో లేనో అన్నంత బరువు వేశాక ఆ తిరుగుడు ఆగిపోతుంది. మడమ నేలను నొక్కుతోందా, బార్ కాలిని రాసుకుంటూ పైకి వస్తోందా, ఎడమ భుజం ముందుకు జారిందా? ఇంతే, మరేదీ పట్టదు. దింపేసి చాప మీద కూర్చుంటాను. మెడ దగ్గర నాడి గట్టిగా కొట్టుకుంటూ ఉంటుంది, ముంజేతులు సన్నగా వణుకుతుంటాయి. పీల్చిన దానికన్నా వదిలేది నిదానంగా వదులుతుంటే గుండె దానంతటదే నెమ్మదిస్తుంది. ఇందాక బరువు బలవంతాన లాక్కున్న ధ్యాసను ఇప్పుడు నేనే ఇవ్వాలి. నాకు రెండోదే ఎక్కువ కష్టం.

అలా కూర్చున్న అలవాటు మళ్లీ బార్ దగ్గర అక్కరకొస్తుంది. కండ మంట వేరు, కీలు నొప్పి వేరు. మంట కండంతా పరుచుకుంటుంది, బరువు దింపగానే చల్లారుతుంది. కీలు నొప్పి ఒక్కచోటే పోటులా పొడుస్తుంది, దింపినా చాలాసార్లు వదలదు. రెండింటికీ భయపడేవాళ్లకు బలం రాదు, రెండింటినీ పంటి బిగువున ఓర్చుకునేవాళ్లు మంచాన పడతారు. ఈ తేడా ఎదురుగా నిలబడిన కోచ్‌కు కనబడదు. ఎవరికి వాళ్లు లోపల పట్టుకోవాల్సిందే.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలెత్తి కంచు పతకం తెచ్చారు. పేరు పిలిచాక లిఫ్టర్‌కు మామూలుగా దొరికేది ఒక్క నిమిషం. అంతమంది చూస్తుండగా ఆ నిమిషంలో బార్ తప్ప ఏదీ మిగలకుండా చూసుకోవడానికీ ఏళ్ల సాధన కావాలి.

మన్యంలో కూర్చుని ఇది రాస్తూ డోలీ సంగతి దాటేస్తే తప్పు. రోడ్డు లేని కొండ ఊళ్ల నుంచి గర్భిణులను, రోగులను ఇప్పటికీ డోలీ కట్టి దించుతున్నారు. మోసేవాళ్ల కాళ్లు గమనించాను. ఇద్దరూ ఒకేసారి అడుగు వేయరు. వేస్తే కర్ర ఊగి లోపలి మనిషికి కుదుపు తగులుతుంది. పొట్టి అడుగులు, జారుడు రాయి వస్తే ముందువాడి నుంచి ఒక్క మాట, వెనకవాడు ఊపిరి బిగబట్టి ఆగడం. అంత ఎరుక నేను ఏ ధ్యానమందిరంలోనూ చూడలేదు. అయినా దాన్ని సాధన అని పొగడను. వాళ్లకు కావలసింది రోడ్డు.

2025 ఏప్రిల్‌లో అరకులో వేలమంది గిరిజన విద్యార్థులు 108 సూర్యనమస్కారాలు చేశారు. జూన్‌లో విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయం మైదానంలో 108 నిమిషాల పాటు చేసి గిన్నిస్ రికార్డుకెక్కారు. సూర్యనమస్కారంలో పహిల్వాన్ల దండీ పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. ఔంధ్ సంస్థానాధీశుడు భవాన్‌రావ్ పంత్ ప్రతినిధి 1920ల్లో దాన్ని వ్యాయామంగా ప్రచారం చేశారు. నిమిషానికి ఒక నమస్కారం అనుకుంటే పన్నెండు భంగిమల్లో ఒక్కోదానికి అయిదు సెకన్లు. పీల్చడానికో వదలడానికో సరిగ్గా సరిపోతుంది. కండకూ ఊపిరికీ ఒకేసారి పని పెట్టే లెక్క అది.

రికార్డు అయ్యాక ఆ పిల్లలు తిరిగి ఆశ్రమ పాఠశాలలకే వెళ్లారు. అక్కడ ఇది రోజువారీ పని కావాలని నా కోరిక. నమస్కారాలతో పాటు కాసిని బస్కీలు, ఇసుక నింపిన బస్తాలు ఎత్తడం, చివర అయిదు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోవడం. పీఈటీ మాస్టార్లకు ఒక్క విన్నపం: మొదటి నెల బస్తా బరువు పెంచకండి. ఎత్తేటప్పుడు ఊపిరి ఏం చేస్తోందో పిల్లలు తమంతట తామే చెప్పగలిగాక పెంచండి.