విత్తనానికి ఉంచిన కాయ

దసలి పట్టు సాగులో మేలైన పట్టుకాయలు బజారుకు పోవు. బరువుగా, బిగువుగా ఉండి, లోపల ప్రాణం కదులుతోందని చేతికి తెలిసే కాయలను ఏరి, కాడలకు దారం కట్టి, దండలు చేసి, గాలి ఆడే గదిలో నీడపట్టున వేలాడదీస్తారు. చలికాలపు పంటలో చేతికొచ్చిన ఆ కాయలు ఎండాకాలమంతా అలాగే ఉండాలి, తొలకరి పడేదాకా. అప్పుల వాళ్లు ఇంటిముందు నిలబడే నెలలు కూడా అవే. అయినా వాటిని అమ్మకూడదు, ఉడకబెట్టకూడదు, ఎండ తగలనివ్వకూడదు. పట్టు గురించి ఎవరు మాట్లాడినా చీర దగ్గర మొదలుపెట్టి నేతగాడి దగ్గర ఆగుతారు. ఆ దండలను కాపాడిన మనిషి పేరు ఎక్కడా రాదు. ఈ వారం నేను రాయదలచుకున్నది ఆ మనిషి గురించే.

మాది తిరుత్తణి వైపు. 1960 దాకా చిత్తూరు జిల్లాలో ఉండి తమిళనాడులో కలిసిన నేల. పళ్లిపట్టు, పొదటూరుపేట వైపు మగ్గాల మీద పనిచేసే ఇళ్లలో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. కాంచీపురం దగ్గరే కాబట్టి పట్టు అంటే మాకు మల్బరీ పట్టే. పలమనేరు, కుప్పం రైతులు ఇంట్లో ఆకు కోసి వేసి, ఒక్కో జ్వరం (పొర వదిలే దశ) దాటిస్తూ పెంచే పురుగుది ఆ పట్టు. వేల ఏళ్లుగా మనిషి నీడన బతికి బతికి ఆ జాతి రెక్కల పురుగు, అంటే చిలుక, ఎగరడమే మానేసింది. దసలి అలా కాదు. దాన్ని చూడాలంటే మా ప్రాంతం వదిలి గోదావరి దాకా పోవాలి. మంచిర్యాల జిల్లా చెన్నూరు, కోటపల్లి, అక్కడినుంచి ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే కాళేశ్వరం, దాని పక్కన మహదేవపూర్. అక్కడ అడవి అంచు ఊళ్లలోని పేద కుటుంబాలు నల్లమద్ది, తెల్లమద్ది చెట్ల మీద ఈ పురుగును పెంచుతాయి. మహదేవపూర్ మగ్గాల మీద దసలి చీరలు నేస్తారు. చెట్టూ, పురుగూ, మగ్గమూ ఒకే చుట్టుపక్కల ఉండటం మన దేశంలో అన్నిచోట్లా కనిపించేది కాదు.

తొలివానలు పడి గాలిలో తేమ చేరాక దండల్లో అలికిడి మొదలవుతుంది. దసలి కాయకు ఎక్కడా సందు ఉండదు, పెంకులా గట్టిగా ఉంటుంది. లోపలి చిలుకకు కొరకడానికి పళ్లు లేవు, తినడానికి పనికొచ్చే నోరే లేదు. పొద్దు వాలాక అది నోటిదగ్గర ఊరిన రసంతో కాయ కొనను తడిపి, దారాలను అంటించి ఉంచిన జిగురును కరిగించి, పోగులను పక్కకు తోసుకుని బయటికొస్తుంది. ఆ రసంలో ఉన్న ఎంజైమును కొకూనేజ్ అంటారు. 1964లో కఫాటోస్, విలియమ్స్ అనే హార్వర్డ్ శాస్త్రవేత్తలు దసలికి దగ్గరి చుట్టాలైన చిలుకల్లో దాని పనిని వివరించారు. మన రాంచీలో కేంద్ర దసలి పరిశోధన సంస్థ మొదలైందీ ఆ ఏడాదే.

రెక్కలు ఆరాక రాత్రి జత కలుస్తాయి. మర్నాడు జతలను విడదీసి ఆడచిలుకలను విడివిడిగా ఉంచుతారు. ఒక్కోటి సుమారు 150 నుంచి 250 గుడ్లు పెడుతుంది. గుడ్లు పెట్టిన తల్లిని నూరి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. పెబ్రిన్ అనే రోగం తల్లి కడుపులోనే గుడ్డుకు అంటుకుంటుంది. తల్లిలో ఆ రోగకణం కనిపిస్తే ఆ గుడ్లన్నీ కాల్చెయ్యాలి. 1865లో ఫ్రాన్సులో పట్టు రైతులు దివాలా తీస్తున్న రోజుల్లో లూయీ పాశ్చర్ అలేస్ పట్టణానికి వెళ్లి, కొన్నేళ్ల శ్రమతో తేల్చిన పద్ధతి ఇది. నూటయాభై ఏళ్లు దాటినా దీనికి మించిన కాపలా ఇంకా రాలేదు. ఆ గదిలో కళ్లు సూక్ష్మదర్శినికి ఆనించి కూర్చున్నవాళ్లు ఒక్క తల్లిని పొరపాటున వదిలేస్తే, ఆ రోగం మొత్తం పంటకు పాకగలదు. అందుకే వాళ్ల పని నేతపనికి ఏమాత్రం తీసిపోదంటాను.

అసలు చిక్కు అంతకుముందే, వేసవిలో వస్తుంది. గోదావరి తీరపు ఎండలకు కాయ లోపలున్న పురుగు, అంటే ప్యూపా, మాడిపోవచ్చు. మధ్యలో ఒక అకాలవర్షం పడితే కొన్ని చిలుకలు తొందరపడి బయటికొస్తాయి. అప్పటికి చెట్టుమీద లేతాకు ఉండదు. ఒక్కోసారి మగవి ముందు వచ్చేసి ఆడవి వెనకబడతాయి, జత కుదరదు. దండలున్న గదికి తడిగోనెలు కట్టడం, నేల తడపడం, గాలి ఆడేలా చూడటం ఇవన్నీ ఈ నష్టాలు రాకుండా చేసే పనులు. ఎండలు ముదురుతున్న కొద్దీ ఈ పని ఇంకా కష్టమవుతుంది.

గుడ్లు ఎనిమిది తొమ్మిది రోజులకు పగులుతాయి. అప్పటినుంచి పురుగు మద్దిచెట్టు మీదే, వానలోనే. చిన్నప్పుడు చీమలు, కందిరీగలు, నల్లులు. కాస్త పెరిగాక పక్షులు, ఉడుతలు. వీటికి తోడు ఊజీ ఈగ పురుగు మీద గుడ్డు పెట్టిపోతుంది. దాని పిల్ల లోపలినుంచి పురుగును తినేస్తుంది. లేత పురుగులున్న చెట్లకు వల కప్పుతారు, తెల్లవారుజామునుంచి చీకటిపడేదాకా కాపలా కాస్తారు. చెట్టుమీద ఆకు అయిపోతే పురుగులున్న కొమ్మలను కోసి పక్క చెట్టు మీదకు చేరుస్తారు. తొలిపంటకు నెల దాటితే సరిపోతుంది, చలికాలపు పంటకు అంతకన్నా చాలా ఎక్కువ రోజులు పడుతుంది. రెండువందల గుడ్లు పెట్టిన తల్లి సంతానంలో నలభై కాయలు చేతికొస్తే అది మంచి పంట.

ఇన్ని గండాలు దాటి నిలిచిన జాతి ఒకటి ఆ గోదావరి ఊళ్లలో ఉంది. పరిశోధకులు దానికి ఆంధ్ర లోకల్ అని పేరు పెట్టారు. దేశంలో నలభైకి పైగా ఉన్న దసలి స్థానిక జాతుల్లో అదొకటి. కాయ చిన్నదే కానీ గట్టిది, దారం సులువుగా వస్తుందని పేరు. జార్ఖండ్ వైపునుంచి వచ్చిన డాబా జాతి కాయ పెద్దది, గుడ్లు ఎక్కువ. సహజంగానే చూపు అటు పోతుంది. ఆంధ్ర లోకల్ తగ్గిపోతోందని పరిశోధకులు హెచ్చరిస్తూనే ఉన్నారు. ఆ ఎండకూ ఆ మద్దికీ అలవాటుపడ్డ జాతిని పోగొట్టుకుంటే ఏ ప్రయోగశాలా మళ్లీ తయారు చెయ్యలేదు. దాని విత్తనం అక్కడి ఊళ్లలోనే తయారవ్వాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

అడవి మీద హక్కు సంగతి కూడా దీంతో ముడిపడి ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల జాబితాలో తేనె, మైనం, లక్కతోపాటు దసలినీ పేరుపెట్టి చేర్చింది. చట్టంలో మాట ఉంది కాబట్టి, మద్దిచెట్టు కింద కాపలా కాసే మనిషిని ఎవరూ చొరబాటుదారులా చూడకూడదు. మద్దిని కలపగా లెక్కేసేవాళ్లు దానిమీద ఏటా పండే కాయలను కూడా లెక్కలో వేసుకోవాలి.

చిలుక బయటికొచ్చిన కాయ కూడా వృథా కాదు. రంధ్రం పడింది కాబట్టి తెగకుండా ఒకే పోగు రాదు, దూదిలా వడికి దారం తీస్తారు. ఆ ముతక దారపు గుడ్డకు ఒక అందం ఉంది, కొనేవాళ్లూ ఉన్నారు. అయితే ఆ కాయకు దక్కేది మామూలు కాయ ధర కాదు. తేడా ఎవరు భరించాలి? ఇప్పటికి విత్తనం ఉంచినవాళ్లే. విత్తన కాయకు బజారు ధరకన్నా ఎక్కువ ఇస్తామని చలికాలపు కోతకు ముందే చెప్పి, కాయలు అప్పగించిన రోజే డబ్బు చేతిలో పెట్టాలి. ప్యూపా ఎండకు చనిపోతే ఆ నష్టానికి బీమా ఉండాలి. అప్పుడు ఆ ఇంట్లో మేలైన కాయలను దండ గుచ్చాలా, ఉడకబెట్టి అమ్మేయాలా అన్న ప్రశ్నే రాదు.