కుక్క వచ్చాడు, అమ్మమ్మ వచ్చింది

అనంతపురంలో ఉండే మా మరిది ఆదివారం పొద్దున్నే ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డు పడేశాడు. కొరియన్ భాష మన తెలుగుకి చెల్లెలట. రుజువులు కింద వరసగా పేర్చి ఉన్నాయి. వాళ్లు నాన్నని 'అప్పా' అంటారు, అమ్మని 'ఒమ్మా' అంటారు, నేను అనడానికి 'నా', నువ్వు అనడానికి 'నొ'. చివర రెండు జెండాలు, మూడు దండాలు. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఆ చుట్టుపక్కల కొరియన్ అక్షరాల బోర్డులు కనిపిస్తున్నాయి కదా, వాటిని చూసినప్పట్నుంచీ మావాడికి ఊళ్లోకి చుట్టాలు దిగినట్టే ఉంది. "వదినా, నువ్వు పేపర్లో రాస్తావు కదా, దీని మీద రాయి" అని కింద ఒక పురమాయింపు కూడా.

రాస్తున్నా. కాకపోతే వాడు కోరుకున్నట్టు కాదు.

పళ్లు రాని పిల్లలకి ముందుగా పలికేవి పెదవులు కలిపితే వచ్చే కూతలే. మ, ప, బ. ఆ కూతలు విని తల్లీ తండ్రీ ఎవరికి వాళ్లు తమనే పిలుస్తున్నారని మురిసిపోతారు. అలా పుట్టిన మాటలు ఎక్కడైనా కలుస్తాయి, ఎలాగైనా తిరగబడతాయి. జార్జియా దేశంలో 'మామా' అంటే నాన్న. స్వాహిలీలో 'దాదా' అంటే అక్కచెల్లెలు. మన పేటల్లో దాదా ఎవరో చెప్పక్కర్లేదు. అంతదూరం ఎందుకు, శ్రీకాకుళం వెళ్తే అప్ప అంటే అక్క. ఈ లెక్కన కొరియా శ్రీకాకుళానికి ఏమవుతుందో మా మరిదే చెప్పాలి.

ఈ పిచ్చి వాడితో మొదలైంది కాదులెండి. హోమర్ హల్బర్ట్ అనే అమెరికా ఆయన 1886లో పాఠాలు చెప్పడానికి కొరియా వెళ్లి, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొరియన్‌నీ ద్రావిడ భాషల్నీ పక్కపక్కన పెట్టి ఏకంగా ఒక వ్యాకరణమే అచ్చేశాడు. ఆ చుట్టరికాన్ని భాషాశాస్త్రం ఒప్పుకోలేదు. ఫార్వర్డులకి ఆ సంగతి ఇంకా అందినట్టు లేదు.

అలాగని ఆ భాషలో మన పోలిక లేదా అంటే, ఉంది. మాటల్లో కాదు, వాక్యం నడకలో. మా మనవరాలు సీరియళ్లు చూసి చూసి కొరియన్ నేర్చుకుంటోంది. సెజోంగ్ రాజు 1443లో కూర్చిన ఆ అక్షరాలు రెండు రోజుల్లో పట్టేసింది, గుణింతం వచ్చినవాళ్లకి ఇదేమంత కష్టం కాదంది. మొన్న ఇంట్లో క్యాబేజీ, గుంటూరు కారం కలిపి ఏదో ఊరబెట్టి, కిమ్చీ అని పేరు పెట్టి, గిన్నె నా ముందుకు తోసింది. "మొగొ బ్వా, అమ్మమ్మా." మొగొ అంటే తిని, బ్వా అంటే చూడు. తిని చూడు! కళ్లతో చూసే చూడు కాదు, మనం వంకాయ కూర పెట్టి అనే చూడు. నేనింకా ఆ ముచ్చటలో ఉండగానే అది నాలిక కరుచుకుంది. "అయ్యో, నిన్ను అలా అనకూడదు. దుషొ బొసెయొ అనాలి." పెద్దవాళ్లు తింటే క్రియే మారిపోతుందట.

'ఉరి నంప్యొన్' అని ఇంకోటి ఉంది. మాటకు మాట పెడితే మన మొగుడు. కొరియా ఇల్లాలూ తెలుగు ఇల్లాలూ ఊరంతటికీ కలిపి ఒక్కడే ఉన్నట్టు "మా ఆయన" అంటారు. ఇన్ని కలిశాక ఇంకా ఏం కావాలి వదినా అంటాడు మరిది. నాయనా, క్రియని చివర పెట్టే అలవాటు జపాన్ వాళ్లకీ ఉంది, టర్కీ వాళ్లకీ ఉంది. అది ఇంటిపేరు కాదు.

నా ప్రాణం ఎప్పుడూ ఇంకో భాష దగ్గరే కొట్టుకుంటుంది. టాంజానియాలోని దార్ ఎస్ సలామ్ పేరెత్తగానే పాత పాఠకులు "మొదలెట్టింది" అనుకుంటారని తెలుసు. అనుకోండి. 1982లో మా ఆయనకి అక్కడ లెక్కలు రాసే ఉద్యోగం దొరికింది. దేశాధ్యక్షుడు నైరేరేని జనం 'మ్వాలిము', అంటే పంతులుగారు, అని పిలిచే రోజులవి. షేక్‌స్పియర్ జూలియస్ సీజర్‌ని ఆయనే స్వాహిలీలోకి తెచ్చాడు. మన పీవీ వేయిపడగల్ని హిందీ చేసినట్టు. అనువాదం చేసినవాడికి ఎదుటివాడి మాట చివరిదాకా వినే ఓపిక ఉంటుందని, ఎన్నికల్లో నిలబడేవాళ్లందరికీ ఒక అనువాదం తప్పనిసరి చెయ్యాలని నేను ఇంతకుముందూ రాశాను.

స్వాహిలీలో అంతా తిరగేసి ఉంటుంది. 'నినాకుపెండా' అంటే నిన్ను ప్రేమిస్తున్నాను. ని అంటే నేను, నా అంటే ఇప్పుడు జరుగుతోందని, కు అంటే నిన్ను, అసలు క్రియ చిట్టచివర. మనం క్రియకి వెనక తగిలించే పెట్టెలన్నీ వాళ్లు ముందు తగిలిస్తారు. మొదటి ఆర్నెల్లు నోరు తిరగలేదు.

పక్క వాటా ఆవిడ అసలు పేరు నాకు నాలుగేళ్లూ తెలియలేదు. కొడుకు జుమా కాబట్టి ఆవిడ 'మామా జుమా', జుమా వాళ్లమ్మ. మా పెద్దమ్మాయి పేరున నేను 'మామా వాణి'. కొరియాలో కూడా పిల్లల పేరు చెప్పి 'ఫలానా ఒమ్మా' అనే పిలుస్తారట. మా అత్తగారి ఊళ్లోనూ అంతే.

ఒకనాటి సాయంత్రం మామా జుమా, రేపు కరియాకూ బజారుకి వెళ్దాం, 'సా మ్బిలి'కి తయారుగా ఉండు అంది. సా అంటే గంట, మ్బిలి అంటే రెండు. సరే, మధ్యాహ్నం భోజనాలయ్యాక కదా అనుకున్నాను. తెల్లారి పొయ్యి మీద పప్పు, తల మీద నూనె ఉండగా తలుపు చప్పుడైంది. చూద్దును కదా, బుట్ట చంకన పెట్టుకుని గుమ్మంలో మామా జుమా.

"రెండింటికన్నావుగా?"

"రెండే అయింది."

చెయ్యి చాపి గడియారం చూపించింది. పొట్టి ముల్లు ఎనిమిది మీద ఉంది. ఆవిడ వేలు పెట్టింది మాత్రం ఆ ముల్లుకి సరిగ్గా ఎదురుగా ఉన్న రెండు మీద. అక్కడ పొద్దు పొడిచాకే గంటలు లెక్క. మన ఏడు వాళ్లకి ఒకటి, మన పన్నెండు వాళ్లకి ఆరు. భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి ఏడాది పొడుగునా పొద్దు ఇంచుమించు ఒకే వేళకి పొడుస్తుంది, ఆ లెక్క చెడదు. తడి చెయ్యి చీరకి తుడుచుకుంటుంటే మా తాతగారు గుర్తొచ్చారు. ఆయన పంచాంగం ముందేసుకుని సూర్యోదయం లగాయతు ఇన్ని ఘడియలని, ఘడియకి 24 నిమిషాలు చొప్పున, వేళ్ల మీద కట్టేవారు. బారెడు పొద్దెక్కిందంటే ఆయనకి అదొక టైము. ఆ పొద్దున నా బదులు ఆయన ఉండి ఉంటే మామా జుమాతో ఠంచనుగా బజారుకి బయల్దేరేవారు.

కరియాకూలో ఎవరు కనపడ్డా 'హబారి గాని?' అని అడుగుతారు. ఏంటి కబుర్లు అని. మన కబురూ వాళ్ల హబారీ ఒకటే అరబ్బు మాట. ప్రభుత్వం 'సెరికాలి', మన సర్కారే. రేవు 'బందారి', మన బందరే. ఇవేవీ రక్తసంబంధం మాటలు కావు, ఓడల మీద అక్కడా ఇక్కడా దిగిన సరుకు. అయినా ఆ మాట వింటే బందరు కాలవ గట్టు మీద నించున్నట్టుండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో సామాన్లు మోసిన 'క్యారియర్ కోర్' దళం పేరే నోళ్లలో నలిగి కరియాకూ అయింది. బస్సుని వాళ్లు 'బాసి' అంటారు, బ్యాంకుని 'బెంకి'. మనలాగే చివర అచ్చు పడందే వాళ్లకీ మాట ముగిసినట్టుండదు.

అసలు సంగతికొస్తాను. ఆరేళ్ల జుమా వీధి గుమ్మంలో కాపలా. వాళ్ల నాన్న వస్తే 'అమెకుజా!' అని కేకేసేవాడు, వచ్చాడని. నేనొచ్చినా 'అమెకుజా', వీధి కుక్క వచ్చినా 'అమెకుజా'. చెట్టు పడితే ఒక క్రియ, పుస్తకం పడితే ఇంకో క్రియ, ప్రాణమున్నవన్నీ మాత్రం మనుషుల లెక్కలోనే. ఇద్దరు మనుషులు 'వాటు వవిలి', రెండు పుస్తకాలు 'విటాబు వివిలి'. మనిషికి ఇద్దరు, వస్తువుకి రెండు. ఇది మన పద్ధతే కదా! మహత్తు, అమహత్తు అని బడిలో బట్టీ పట్టిన ముక్క, ఏ చుట్టరికమూ లేని భాషలో ఆరేళ్ల పిల్లాడి నోట విన్నాను. తేడా ఒక్కటే, వాళ్లు కుక్కల్ని కూడా ఇద్దరంటారు.

ఇక్కడే నా పాత గొడవ. తెలుగులో ఆయన వచ్చాడు, ఆమె వచ్చింది, కుక్క వచ్చింది, బస్సు వచ్చింది. ఒక్క ఆడదైతే వచ్చింది, ఇద్దరైతే వచ్చారు. పక్కన ఇంకొకతె తోడుంటే గానీ మేం మనుషుల్లో పడం. వాళ్లు కుక్కని మన పక్కకి ఎక్కించారు, మనవాళ్లు మమ్మల్ని కుక్క పక్కకి దించారు. నలభై ఏళ్లుగా ఇదే మాట, వినేవాళ్లు దొరికినప్పుడల్లా.

ఈసారి దొరికింది మనవరాలు. కొరియన్‌లో అయితే 'హల్మొని ఒష్యొస్సొయొ' అంటారంది. అమ్మమ్మ వచ్చారు అని, క్రియలోనే దండం. "నిజమే అమ్మమ్మా, ఇది అన్యాయం. ఇకనుంచి నీకు 'వచ్చారు'" అని మాటిచ్చింది. నేనూ పొంగిపోయాను.

నిన్న సాయంత్రం గుడి నుంచి వచ్చేసరికి అది హాల్లో ఉంది. లోపలికి వినపడేట్టు, "అమ్మా, అమ్మమ్మగారు వచ్చారు!" అంది. వంటింట్లోంచి మా వాణి చెంగు సర్దుకుంటూ పరుగున వచ్చింది.

"ఎవరే? ఏ అమ్మమ్మగారు?"

చెప్పులు విప్పుతూ ఒక్క క్షణం నేనూ వెనక్కి తిరిగి చూశాను, నా వెంట ఇంకెవరైనా వచ్చారేమోనని.

"నేనేనే. వచ్చిందని చెప్పు చాలు" అన్నాను.