నీటిని విడదీసే స్టీలు పెట్టె

1800లో లండన్‌లో విలియం నికల్సన్, ఆంథొనీ కార్లైల్ వోల్టా బ్యాటరీకి కట్టిన ఇత్తడి తీగలను నీళ్ళలో ముంచారు. ఒక తీగ దగ్గర హైడ్రోజన్ బుడగలు లేచాయి. రెండో తీగ నల్లబడింది. అక్కడ పుట్టిన ఆక్సిజన్‌ను ఇత్తడే మింగేసింది. ప్లాటినం తీగలు వేశాక గానీ రెండు వాయువులూ పైకి రాలేదు.

ఇంటి వర్క్‌షాపులో ఇలాంటి సెల్ కట్టుకునేవాళ్ళకు ఇప్పటికీ మొదటి చిక్కు అదే: ఆక్సిజన్ పుట్టే వైపు ఏ లోహం నిలుస్తుంది? ప్లాటినం కొనలేరు కాబట్టి 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలు ఎంచుకుంటారు. అయస్కాంతం అంటుకోలేదని చవక రేకు కొంటే మోసపోయినట్టే. 202, 304, 316 మూడూ దాదాపుగా అయస్కాంతానికి లొంగవు. మిల్లు సర్టిఫికెట్ అడగడమే నమ్మకమైన దారి.

పలకలు ఎంత మంచివైనా పెట్టె ఆయుష్షు తేలేది అతుకు దగ్గరే. 450 నుంచి 850 డిగ్రీల వేడిలో ఎక్కువసేపు ఉంటే స్టీలులోని కార్బన్ క్రోమియంతో కలిసిపోతుంది. క్రోమియం తగ్గిన ఆ గీత వెంబడే తర్వాత తుప్పు పాకుతుంది. 316ఎల్‌లో కార్బన్ 0.03 శాతానికి మించదు కాబట్టి ఈ ముప్పు తక్కువ. వెల్డర్లు ‘ఆర్గాన్ వెల్డింగ్’ అనే పద్ధతిలో అదే రకం ఫిల్లర్ రాడ్‌తో, తక్కువ కరెంటుతో, చిన్న చిన్న ముక్కలుగా అతుకు వేస్తారు. అతుకు వెనకవైపూ ఆర్గాన్ నింపకపోతే లోపల గరుకైన నల్ల పెచ్చు కడుతుంది. శుభ్రం చేసే బ్రష్ కూడా స్టెయిన్‌లెస్‌దే కావాలి. మామూలు ఇనుప బ్రష్ వదిలిన రేణువులే తుప్పుకు విత్తనాలవుతాయి. చివర్న నిమ్మ ఉప్పు ద్రావణంతో కడిగితే స్టీలును కాపాడే క్రోమియం ఆక్సైడ్ పొర మళ్ళీ గట్టిపడుతుంది.

నీళ్ళు విడిపోవడానికి సిద్ధాంతం ప్రకారం 1.23 వోల్టులు చాలు. వాడుకలో రెండు పలకల మధ్య సుమారు 2 వోల్టులు కావాలి. అందుకే 12 వోల్టుల బ్యాటరీకి ఏడు పలకలు పేర్చి, చివరి రెండింటికే తీగలు కలుపుతారు. మధ్య ఐదూ తీగ లేకుండానే పని చేస్తాయి. నీళ్ళలో ఉప్పు వేయకూడదు. క్లోరిన్ పుడుతుంది, స్టీలుకు గుంటలు పడతాయి. కరెంటు పారడానికి దానికి బదులు వాడే కాస్టిక్ పొటాష్‌ను కళ్ళద్దాలు, చేతి తొడుగులు వేసుకుని, నీళ్ళలోకి కొద్దికొద్దిగా వేయాలి. నీళ్ళను దాని మీద పోయకూడదు. వాడగా వాడగా నీళ్ళు పసుపుగానో గోధుమ రంగుగానో మారితే పలకల్లోని లోహం కరుగుతోందని అర్థం. అందులో క్యాన్సర్ కారకమైన క్రోమియం ఉండొచ్చు కనుక కాలవలో పారబోయకూడదు.

పనితనం తేల్చేది ఫారడే లెక్క. 10 ఆంపియర్ల కరెంటు గంటసేపు నడిస్తే, ఏడు పలకల మధ్య ఆరు గదులున్న పెట్టె 25 డిగ్రీల వేడిలో సుమారు 41 లీటర్ల మిశ్రమ వాయువు ఇవ్వాలి. అంతకన్నా తక్కువ వస్తే కరెంటు పలకల అంచుల పక్కనుంచి జారిపోతోంది, లేదా ఎక్కడో వాయువు కారుతోంది.

ఈ లెక్కే ‘నీళ్ళతో నడిచే కారు’ మాటకూ జవాబు చెబుతుంది. కిలో హైడ్రోజన్ మండితే వచ్చే శక్తి 39.4 యూనిట్లు. 2 వోల్టుల దగ్గర ఆ కిలో హైడ్రోజన్‌ను తీయడానికి సుమారు 53 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. అమెరికాలో అలాంటి సెల్ పేరుతో పెట్టుబడులు తీసుకున్న స్టాన్లీ మేయర్‌ది మోసమని 1996లో ఒహాయో కోర్టు తేల్చింది.

మరి దేనికి పనికొస్తుంది? హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసే వచ్చే ఈ పెట్టెలో వాయువును నిల్వ చేయడం ప్రాణాంతకం. చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. అందుకే గొట్టం మధ్యలో నీళ్ళ బుడ్డి పెట్టి, మంట వెనక్కి పాకకుండా ఆపుతారు. పుట్టిన వాయువును పుట్టినట్టే సన్నని మూతి గల టార్చికి అందిస్తారు. వెండి, బంగారు నగల అతుకులకూ, మందుల గాజు ఆంపూల్స్ మూతులు కరిగించి మూయడానికీ ఈ మంటను వాడే యంత్రాలు బజారులో ఉన్నాయి. వాటిలోనూ సిలిండర్ ఉండదు. స్విచ్ ఆపితే వాయువు పుట్టడమూ ఆగిపోతుంది.