ఖాలా చదువు

గురజాలలో మా ఖాలా ఫజర్ నమాజు కాగానే ఖురాన్ తెరుస్తుంది. వేలు ఆనించి ఆయత్ తర్వాత ఆయత్ చదువుతుంది. అరబ్బీకి అర్థం తెలియదు. జేర్, జబర్ గుర్తులు లేని ఉర్దూ ముందు పెడితే ఆగిపోతుంది. తెలుగు అక్షరం రాదు. మాట్లాడేది ‘కైకూ’, ‘నక్కో’ల ఇంటి ఉర్దూ. 2011 జనగణన ప్రకారం ఏడేళ్లు నిండిన మనిషి ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవాలి, రాయాలి. అప్పుడే అక్షరాస్యుడు. అంటే ఖాలా నిరక్షరాస్యురాలు!

ఆ ఖాలాయే వాట్సాప్‌లో ఖాందాన్ మొత్తాన్ని నడుపుతోంది. మాచర్లలో కూతురికి వాయిస్ పెడుతుంది. నరసరావుపేట మనవడు ఇంగ్లీషు అక్షరాల్లో ఉర్దూ కొడితే కోడలు చదివి వినిపిస్తుంది. శుక్రవారం జుమ్మా ముబారక్ బొమ్మల్లో కాబా ఉన్నది వేరు చేసి పంపుతుంది. చావు కబురు మాత్రం బొమ్మతో చెప్పదు. గొంతుతోనే చెబుతుంది.

ఇదేం చదువని రెండు వైపులా అడుగుతున్నారు. లిపి పోతే జుబాన్ పోయినట్టేనని ఉర్దూ పెద్దలు. ఫోనొచ్చి చదువు చెడిందని తెలుగు విమర్శకులు. ఎవరి చదువు చెడింది? మా ఇళ్లల్లో ఆ లిపి ఎప్పుడుందని? ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల వాళ్లను ‘ఉర్దూ రాదు, మీరేం ముస్లింలు’ అన్న నోళ్లు కూడా ఇవే. (2022లో రాష్ట్రమంతటా ఉర్దూ రెండో అధికార భాష అయింది. సంతోషం. అందులో ఖాలా ఉర్దూ ఉందా?)

పైగా ఇది ఫోనుతో పుట్టింది కాదు. మా పొరుగు పొన్నెకల్లులో పుట్టిన దూదేకుల బిడ్డ షేక్ నాజర్ (1920-1997) పల్నాటి యుద్ధాన్ని బుర్రకథగా చెప్పాడు. కథకుడి మాట, వంతల జవాబు, గుమ్మెట దరువు, అడుగు, కనుబొమ్మ. అన్నీ కలిస్తేనే కథ. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. వేదిక మీద దాన్ని కళ అన్నవాళ్లు ఖాలా వాయిస్‌ని మాత్రం చదువురానితనం అంటున్నారు.

అలాగని లిపి అక్కర్లేదనను. ఒకసారి ఖాలా నుంచి నాకో బొమ్మ వచ్చింది. ఆకుపచ్చ గుమ్మటం, చుట్టూ పూలు. కింద నస్తలీఖ్‌లో నాలుగు వరసలు. అది ఇంకో మస్లక్ వాళ్లను పచ్చిగా తిడుతోంది. ఆ మస్లక్ వాళ్లు ఖాలా పక్కింట్లోనే ఉంటారు. ఫోన్ చేశాను. “పఢ్‌కే సునారే బేటా” అంది. చదివాను. చాలాసేపు పలకలేదు. అప్పటికే ఎంతమందికి పంపిందో! రాసినవాడికి లిపి వచ్చు. ఖాలాకు రాదు. ఆ తేడా మీదే వాడు బతుకుతున్నాడు.

మరి మనం, రాసేవాళ్లం? 1998 ‘జల్‌జలా’ నుంచీ ఇంటి మాటను తెలుగు లిపిలోకి తెస్తున్నాం. మంచిదే. కానీ అడుగున అర్థాల పట్టిక ఇచ్చి చేతులు దులుపుకుంటున్నాం. ఆ మాట ఎలా పలికిందో ఏ విమర్శకుడూ అడగడు. ఈ వ్యాసం కోసం ఖాలా వాయిస్‌లు కొన్ని తెలుగులో రాసుకున్నాను. ఆమె ‘హౌ’ ఒకసారి ఒప్పుకోలు, ఒకసారి అనుమానం, ఒకసారి కోపం. నా దగ్గరున్నది ఒక్క ‘హౌ’. రాసింది చదివి వినిపించాను.

“మై ఐసా నై బోలీ” అంది.