పాలీకి టామ్ ఏమవుతాడు?

మా కొత్వాల్‌గూడ ఆకాశంలో విమానాలకు కొదవ లేదు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక, ఆరుబయట మంచం వేసుకుంటే ఏది చుక్కో ఏది విమానమో తెలియకుండా పోయింది. ఆగస్టు వచ్చిందంటే వీధికొక పిల్లగాడు అమెరికా బండి ఎక్కుతాడు. మొన్న పక్కింటి అబ్బాయి వెళ్లేముందు చెప్పిపోదామని వచ్చాడు. నా దగ్గరున్న పాత ‘టామ్ సాయర్’ చేతిలో పెట్టాను. మార్క్ ట్వేన్ కథకు నండూరి రామమోహనరావు గారి తెలుగు. తిరగేసి, “పిల్లల కథ కదా సార్” అన్నాడు.

“సరే, టామ్‌ని పెంచే పాలీకి వాడు ఏమవుతాడు?”

“నెఫ్యూ.”

“తెలుగులో చెప్పు.”

కాసేపు ఆలోచించి “మేనల్లుడు” అన్నాడు.

తప్పు. చచ్చిపోయిన తోబుట్టువు కొడుకని పాలీ తానే చెప్పుకుంటుంది. అంటే టామ్‌కి ఆమె అత్త కాదు, తల్లి తోడబుట్టింది. మన లెక్కలో పెద్దమ్మో చిన్నమ్మో కావాలి. అత్త అని రాశారో, కొంప మునిగినట్టే. పాలీ కూతురు మేరీ టామ్‌కి అక్క వరుస పోయి పెళ్లి వరుస అవుతుంది. ఇక మనసుపడ్డ బెకీ థాచర్ కోసం వాడు పడే పాట్లన్నీ తెలుగు పాఠకుడికి వేరే కథలా కనిపిస్తాయి. ఇంగ్లీషువాడికి ‘ఆంట్’ అన్న ఒక్క మాట చాలు. తెలుగువాడు ఆ ఇంటి వంశవృక్షమంతా తెలుసుకుంటే గాని మొదటి పేజీ దాటలేడు. పైగా మన ఆడవాళ్లకు అక్కచెల్లెళ్ల కొడుకు కొడుకే. వాణ్ని కొట్టడానికి మనసొప్పక పాలీ సతమతమవడంలో ఉన్న గుండె కోత ‘నెఫ్యూ’ అన్న మాటలో లేదు, మన వరుసలో ఉంది.

నాకు అమెరికా సాహిత్యం ఇలాగే పట్టుబడింది. ఇంగ్లీషులో పాఠాలు చెప్పి బతికినవాణ్ని, అయినా ఆ రచయితల నడక తెలిసింది తెలుగులోకి తెచ్చిన చేతుల వల్లే. మాటకు మాట పెట్టడం నిఘంటువు పని. నడకకు నడక పట్టడం అనువాదకుడి పని. నేను నడక పక్షం, అందులోనూ నండూరి పక్షం. దాచుకునేది ఏమీ లేదు.

‘నరావతారం’, ‘విశ్వరూపం’ లాంటి సైన్సు పుస్తకాలను కథల్లా చదివించిన మనిషి, ‘ఆంధ్రజ్యోతి’ సంపాదకుడు, మార్క్ ట్వేన్‌ని తన బడిలో పక్క బెంచీ కుర్రాణ్ని చేసుకున్నాడు. ‘టామ్ సాయర్’, ‘హకల్‌బెరీ ఫిన్’, ‘రాజూ-పేద’ వరసగా తెచ్చాడు. ‘రాజు పేద’ కథ 1954లో ఎన్టీఆర్ సినిమాగానూ వచ్చింది. ట్వేన్ అసలు కిటుకు హాస్యం కాదు, చెవి. ‘హకల్‌బెరీ ఫిన్’ ముందు పేజీలోనే, ఇందులో నేను వాడిన యాసలు ఒకటి కాదు, పనిగట్టుకుని వాడాను, పాత్రలన్నీ ఒకేలా మాట్లాడబోయి తప్పాయనుకునేరు అని హెచ్చరిక పెట్టాడు. ఇక అనువాదకుడి అవస్థ చూడండి. బానిస జిమ్, తెల్ల పిల్లాడు హక్‌ను ఏమని పిలవాలి? నువ్వు అనాలా, మీరు అనాలా? ఇంగ్లీషులో ఈ ప్రశ్నే లేదు. తెలుగులో ప్రతి వాక్యానికీ ఉంది. తెప్ప మీద నది దిగువకు పోతున్నకొద్దీ ఆ ఇద్దరి మధ్య దూరం తరిగిపోతుంటే, ఆ తరుగుదల క్రియ చివరి అక్షరంలో వినిపించాలి. వినిపించగలిగితే, ట్వేన్‌కి లేని ఆయుధం మనకు ఉన్నట్టు.

హెమింగ్వే దగ్గరికి వస్తే లెక్క తిరగబడుతుంది. కాన్సస్ సిటీ స్టార్ పత్రికలో కుర్ర విలేకరిగా చేరినప్పుడు, వాక్యాలు పొట్టిగా రాయమన్నది అక్కడి నియమావళి. ఆయన దాన్ని కళ చేశాడు. మంచుకొండలో ఎనిమిదో వంతే నీటిపైన కనిపించాలన్నాడు. అతని వాక్యాల్లో పనులు ఒకదాని పక్కన ఒకటి, సమానంగా నిలబడతాయి. తెలుగు సహజంగా ఏం చేస్తుంది? ‘లేచి, వల తీసి, నీళ్లు తాగి, పడవ దించాడు’ అంటుంది. లేవడం, తీయడం, తాగడం మూడూ చివరి క్రియకు బంట్లైపోతాయి. హెమింగ్వే పోయాడు. ‘లేచాడు. వల తీశాడు. నీళ్లు తాగాడు. పడవ దించాడు.’ ఇప్పుడు ప్రతి పనికీ ముసలి జాలరి చేతుల బరువు వచ్చింది. ఆ ‘ఇ’కారాలు విరగ్గొట్టడానికి ధైర్యం కావాలి. చేయి తిరిగినవాడికే ఆ ధైర్యం వస్తుంది.

వాల్ట్ విట్మన్ మరో చిక్కు. 1855లో పన్నెండు కవితలతో తెచ్చిన ‘లీవ్స్ ఆఫ్ గ్రాస్’ను 1892లో పోయేదాకా పెంచుతూనే ఉన్నాడు. వడ్రంగులు, పడవవాళ్లు, తల్లులు, వేటగాళ్లు అంటూ జాబితాలు పరుస్తూ పోతాడు. ఇంగ్లీషులో క్రియ ముందే వచ్చేస్తుంది కాబట్టి జాబితా ఎంత దూరమైనా సాగుతుంది. మన క్రియ చివర్లో కూర్చుంటుంది. జనమంతా దానికోసం ఎదురుచూడాలి. మన వచన కవులు ఒక పని చేశారు. క్రియను పాదం పాదానా తిరిగి పలికించి, పల్లవిలా మార్చారు. 1958లో ఫ్రీవర్స్ ఫ్రంట్ పెట్టిన కుందుర్తి ఆంజనేయులును చదివితే, ఛందస్సు విడిచినా ఊపిరి విడవకూడదన్న సంగతి తెలుస్తుంది. విట్మన్‌ను అనువదించడం కంటే విట్మన్ నడకతో తెలుగులో నడవడమే పెద్ద పని, అది మనవాళ్లు చేశారని నా వాదన.

గిన్స్‌బర్గ్ ‘హౌల్’ 1956లో వచ్చి, మరుసటి ఏడు అశ్లీలమన్న కేసు ఎదుర్కొంది. 1965లో హైదరాబాద్‌లో దిగంబర కవుల తొలి సంపుటిని నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు విడుదల చేశాడు. ఎవరు ఎవర్ని చూసి రాశారన్న తగువు నాకొద్దు. మర్యాదస్తుల ఇంటి తలుపు తన్నడంలో ఇద్దరూ ఒకే బడి.

ఎమిలీ డికిన్సన్ దాదాపు 1800 కవితలు రాసి, బతికుండగా పదీ పరకా మాత్రమే అచ్చులో చూసింది. అడ్డగీతల మధ్య మౌనం పెట్టే ఆమెకు తెలుగు సరిగ్గా సరిపోతుంది. ‘ఈజ్’ లేని భాష మనది. రెండు మాటలు పక్కపక్కన పెడితే వాక్యమే. ఇస్మాయిల్ పొట్టి కవితల మీద పెరిగిన పాఠకుడికి ఆమె పరాయిదే కాదు. ఫాక్నర్ తెలుగుకు లొంగడనే పండితులున్నారు. ‘యాజ్ ఐ లే డయింగ్’లో పదిహేను మంది కథ చెబుతారు. శ్రీకాకుళం నుంచి పాలమూరు దాకా ఇన్ని యాసలు పెట్టుకుని పదిహేను గొంతులు పలికించలేమా? భాష చాలకపోవడం కాదు, ఓపిక చాలకపోవడం.

ఓపికకు మారుపేరు అనువాదకుడు సహవాసి. అలెక్స్ హేలీ ‘రూట్స్’ 1976లో వచ్చింది. ‘వేర్లు’ అని పెట్టి చేతులు దులుపుకోవచ్చు. ఆయన ‘ఏడు తరాలు’ అన్నాడు. కుంటా కింటే నుంచి హేలీ దాకా లెక్క సరిపోయింది. అంతకంటే, అటేడు తరాలు ఇటేడు తరాలు అనే మన నోటికి ఆ పేరు అమ్మమ్మ మాటలా వచ్చింది. 1980లో పుట్టిన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ఆ పుస్తకం, ‘రూట్స్’ పేరు వినని ఇళ్లలోకీ చేరింది. ఒక్క పేరు పెట్టడంలో ఉన్న ప్రతిభకు నేను పీహెచ్‌డీ ఇస్తాను.

పీహెచ్‌డీల మాట వచ్చింది కాబట్టి నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఉస్మానియా క్యాంపస్‌లో 1964లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ పెట్టారు. అమెరికా బయట అంత పెద్ద అమెరికా గ్రంథాలయం లేదని చెప్పుకునేవారు. రెండు బస్సులు మారి వెళ్లి చదివేవాణ్ని. వచ్చి క్లాసులో ఏం చెప్పాను? విట్మన్: ప్రజాస్వామ్యం, ప్రకృతి, వ్యక్తివాదం, మరణం. నాలుగు ముక్కలు, పదహారు మార్కులు. పిల్లలు పాసయ్యారు, ఒక్క పాదం వినలేదు. మాలతీ చందూర్ ‘పాత కెరటాలు’ శీర్షికలో ఇంగ్లీషు నవలలను పరిచయం చేసి గృహిణుల చేత చదివించింది. జీతం తీసుకున్న నేను ఆపాటి చేయలేదు.

ఇప్పుడు వచ్చింది అసలు తెగులు. ఆ మధ్య ట్వేన్ పుస్తకం ఒకటి కొన్నాను. ఎక్కడన్నది అనవసరం. అట్ట మీద అనువాదకుడి పేరు లేదు, లోపలా లేదు. మరలో వేసి తీసిన తెలుగు. ఒక పేజీలో హక్ జిమ్‌ని ‘మీరు’ అంటాడు, తిప్పితే ‘నువ్వు’. పాలీ, అనుకున్నట్టే, అత్త. తప్పు పట్టడానికి మనిషే లేడు! నండూరి తప్పు చేసుంటే వెళ్లి పోట్లాడేవాణ్ని, ఆ తప్పులోనైనా ఒక చెవి ఉండేది. అనువాదకుడికి టైపింగ్ రేటు కట్టి, పేరు చెరిపేసి, ఆనక తెలుగులో చదివేవాళ్లు లేరని ఏడిస్తే ఎలా? ప్రచురణకర్తలారా, అట్ట మీద పేరు వేయండి. పుటకింత కాదు, పనికింత ఇవ్వండి. అధ్యాపకులారా, పదహారు మార్కుల్లో నాలుగు, ఒక పేరా తెలుగు చేసినందుకు పెట్టండి.

పక్కింటి అబ్బాయి వెళ్లిపోయాడు. పెట్టె బరువు ఎక్కువైందని పుస్తకం ఇంట్లోనే వదిలేశాడు. నాలుగు రోజులకు వాళ్లమ్మ తెచ్చి ఇచ్చింది. పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి.

“మొత్తం చదివిన సారూ. ఆ పాలీ కన్నతల్లి కాదంటే నమ్మబుద్ధయితలేదు. గీయనదే ఇంకోటి ఉందా?”

“మార్క్ ట్వేన్‌దా?”

“గాయన ఎవరో నాకేం ఎరుక. నండూరి ఆయనది.”